చిరంజీవి చాకు

వస్తువు కొనేటప్పుడు మగవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు, ఆడవాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు. "ఎన్నాళ్ళు మన్నుతుంది?" అన్నది మొదటిది. "పాడైతే బాగుచేసేవాళ్ళు ఎవరు?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నకి కొట్టువాడి దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండోది వినగానే ఆయనకి పక్క బేరం గుర్తుకొస్తుంది. మన్నిక పేరుతో లోకంలో సాగుతున్న వ్యాపారమంతా ఈ రెండు ప్రశ్నల మధ్య సందులోనే నడుస్తోందని నా అభియోగం. సాక్ష్యం కావాలంటారా? మడత చాకుని బోనెక్కిస్తాను.

మడత చాకంటే చిన్నప్పుడు పెన్సిలు చెక్కుకున్న చాకు కాదండోయ్. టైటానియం పిడితో, గడియారంలా అమర్చిన కీళ్ళతో, నాలుగువందల డాలర్లు దాటి, అంటే మన రూపాయల్లో ముప్ఫై వేల పైచిలుకు పలికే చాకులున్నాయిప్పుడు. చాకుకి ముప్ఫై వేలా అని ముక్కున వేలేసుకోకండి. బీరువాలో మడతపెట్టి దాచుకునే పట్టుచీరకి మనం పెట్టడం లేదూ? ఖరీదుతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా దాని పక్కన రాసే "తరతరాలు మన్నుతుంది" అన్న ముక్కతోనే.

దాని కీలు చాలా సులువైన ఏర్పాటు. పిడికి రెండు వైపులా రెండు పలకలు. అందులో ఒక పలకని పొడుగ్గా చీల్చి, ఆ చీలిన పట్టీని కాస్త లోపలికి వంచుతారు. చాకు తెరవగానే ఆ పట్టీ స్ప్రింగులా జరిగి, అలుగు మడమ వెనక అడ్డం పడుతుంది. అంతే, తలుపుకి గడియ పడినట్టు! బొటనవేలితో పట్టీని పక్కకి నెడితే గాని అలుగు మళ్ళీ మూతపడదు. దక్షిణాఫ్రికా నుంచి 1989 లో అమెరికా వెళ్ళి, ఐడహో రాష్ట్రంలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ ఈ ఏర్పాటుకి పేరు తెచ్చిన మనిషి. ఆయన చాకు పేరు సెబెంజా. జూలూ భాషలో ఆ మాటకి 'పని' అని అర్థం. పేరు బాగుంది. చాకు ఉన్నది పనికే గదా!

గడియకి అవతల పదునుంది, ఇవతల మన నాలుగు వేళ్ళున్నాయి. కాబట్టి ఆ గడియ ఎన్నాళ్ళు నమ్మకంగా నిలుస్తుందన్నది షోకు కబురు కాదు, వేళ్ళ కబురు.

టైటానియం గొప్పదనాన్ని నేను కాదనను. ఉక్కు బరువులో సగానికి కొంచెం ఎక్కువ తూగుతుంది. చెమటకీ ఉప్పుగాలికీ తుప్పు పట్టదు. విమానాలకి వాడతారు, విరిగిన ఎముకలకి వేసే పలకలకీ వాడతారు. మన భీమిలి ఒడ్డున కాళ్ళకి అంటుకునే నల్ల ఇసుకలోని ఇల్మనైటు ఈ లోహానికి ముడిసరుకే. 1795 లో క్లాప్రోత్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్రీకు పురాణాల్లోని టైటనుల పేరు దీనికి పెట్టాడు. పురాణాల్లో మహాబలులందరికీ ఎక్కడో ఒక ఆయువుపట్టు ఉంటుంది. దీనికీ ఉంది. ఒరిపిడికి ఓర్చుకోలేదు.

చాకుల్లో సాధారణంగా వాడే టైటానియంలో నూటికి ఆరు పాళ్ళు అల్యూమినియం, నాలుగు పాళ్ళు వెనేడియం కలిసి ఉంటాయి. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో ఈ మిశ్రమం 36 దగ్గర తేలితే, అలుగు ఉక్కు 60 దగ్గర ఉంటుంది. అంటే ఆ కీలులో ఒక మెత్తనిది ఒక గట్టిదానితో కాపురం చేస్తోందన్నమాట. తెరిచినప్పుడల్లా ఉక్కు మడమ టైటానియం మొహాన్ని రాసుకుంటూ పోతుంది. టైటానియం మీద గాలి తగిలి ఏర్పడే పలచటి పొర ఆ రాపిడికి చెదిరి, లోపలి లోహం ఉక్కుకి అంటుకుంటుంది. గడియ తీయబోతే ఒక్కోసారి బంకలా పట్టుకుని వదలకపోవడానికి అదొక కారణం. ఏళ్ళు గడిచేకొద్దీ మొహం అరిగి, పట్టీ కొంచెం కొంచెంగా అవతలి పలక వైపు జరుగుతుంది. ఏ మాటకామాటే చెప్పాలి, అరిగినకొద్దీ జరిగి ఆ లోటు భర్తీ చేసుకునేలాగే దాన్ని తయారుచేశారు. కానీ అవతలి పలకని తాకాక ఇంక జరగడానికి చోటేదీ? అప్పుడు అలుగు పైకీ కిందికీ కదలాడడం మొదలుపెడుతుంది.

సర్దుకుపోవడానికి మన్నిక అని పేరు పెట్టడం మనకేమైనా కొత్తా? కాపురంలో అరుగుదల ఎవరి వాటాకి వస్తుందో మీకు నేను వేరే చెప్పాలా?

తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. కొందరు పట్టీ కొసకి విద్యుత్తు నిప్పురవ్వలతో టంగ్‌స్టన్ కార్బైడు పూత పెడతారు. కొందరు అక్కడ చిన్న ఉక్కు ముక్కని మరతో బిగిస్తారు. సెబెంజాలోనే, 2019 లో వచ్చిన 31 అనే రకంలో, అలుగు మడమకి ఆనేది టైటానియం కాదు, పింగాణీ జాతికి చెందిన ఒక సిరమిక్ గుండు. చూశారా చోద్యం! ప్రకటనల నిండా టైటానియం, టైటానియం అని భజన. తీరా ఒరిపిడి పడే చోట మాత్రం టైటానియాన్ని మర్యాదగా పక్కకి తప్పించడం. ఆ తప్పించడం మంచి పనే. కానీ ప్రకటనలో పెద్దక్షరాలు ఆ చిన్న గుండుకి పడాలి గదా?

ఇరుసు కథా ఇంతే. పాత పద్ధతిలో అలుగుకి రెండు వైపులా రెండు ఫాస్ఫర్ కంచు వాషర్లు ఉంటాయి. వాడుకతో నునుపెక్కుతాయి, చుక్క నూనెతో తృప్తిపడతాయి. ఇప్పటి ఫ్యాషను బాల్ బేరింగులు. వేలితో ఇలా మీటితే అలుగు అలా దూసుకొస్తుంది. చూడ్డానికి ముచ్చటే. అయితే ఆ గుండ్లు చుక్కంత చోట బరువంతా మోపుతాయి. మెత్తటి టైటానియం మీద నేరుగా దొర్లితే గాళ్ళు పడతాయి. అందుకని వాటి కింద మళ్ళీ ఉక్కు బిళ్ళ వెయ్యాలి. గుండ్ల మధ్య సందుల్లో జేబులోని నూగూ దుమ్మూ చేరతాయి. విసురుగా తెరిచినప్పుడల్లా అలుగు వచ్చి లోపలి మేకుని గుద్దుకుంటుంది. పూటకో కాయ కోయడానికి తెరిచే చాకు వేరు, టీవీ ముందు కూర్చుని టకటకలాడించే చాకు వేరు. పని వల్ల అరిగిన వస్తువుని చూస్తే నాకు గౌరవం. ఊసుపోక అరగదీసిన వస్తువుని చూస్తే జాలి.

మా అన్నయ్య కొడుకు దగ్గర ఇలాంటి చాకొకటుంది. మొన్న వేసవిలో వచ్చినప్పుడు వంటింట్లో పనసకాయ కనబడేసరికి ఉత్సాహం ఆపుకోలేక దాంతోనే మొదలెట్టాడు. "ఒరేయ్, ముందు నూనె రాసుకోరా" అనేలోపే సగం చీల్చేశాడు. పనసపాల సంగతి మీకు తెలియనిదా? అలుగుకి అంటింది, ఇరుసులోకి దిగింది. సాయంత్రానికల్లా ముప్ఫై వేల చాకు నోరు తెరవనని మొరాయించింది.

"విప్పి తుడిచి నూనె వెయ్యరా, అదే వస్తుంది" అన్నాను.

"విప్పితే గ్యారంటీ పోతుందత్తా. కంపెనీకి పంపాలి, అమెరికాకి."

గ్యారంటీ కాగితం తెప్పించుకుని చదివాను. జీవితకాలానికి ఇచ్చారు పాపం. మామూలు వాడుకలో వచ్చే అరుగుదల మాత్రం అందులోకి రాదని అడుగున చిన్నక్షరాల్లో ఉంది. మామూలుగా అరక్కుండా చాకు ఇంకే రోగంతో పోతుందో నాకు బోధపడలేదు.

మిగతా సగం పనసకాయ మా మడత కత్తిపీట మీద తెగింది. దానికీ ఇరుసుంది, ఒక బోల్టూ ఒక నట్టూ. వదులైతే పానాతో అర చుట్టు బిగిస్తాను. బోల్టు అరిగితే ఇనపసామాన్ల కొట్లో ఇంకోటి దొరుకుతుంది. టైటానియం కంటే ఇనుము గొప్పదని నేననడం లేదు. ఒక్క రాత్రి తడిగా వదిలేస్తే కత్తిపీట తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అయినా అది మా అత్తగారి చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది. వచ్చింది ఇనుము గట్టిదై కాదు, అవసరమైనప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని విప్పగలిగారు కాబట్టి.

ఇదంతా పాత చింతకాయపచ్చడి మీద మమకారం అనుకునేరు! ఫ్రాన్సులో, సవాయ్ కొండసీమలో, జోసెఫ్ ఒపినెల్ 1890 లో మొదలుపెట్టిన చాకు చూడండి. బీచ్ కర్ర పిడి, ఒక అలుగు, ఒక మేకు. 1955 నుంచి దానికి తిరిగే ఉంగరంలాంటి గడియ పెడుతున్నారు. ఉంగరం తిప్పితే అలుగు వెనక దారి మూసుకుంటుంది. అరిగి వదులైతే ఇంకాస్త బిగించి తిప్పితే సరి. తడికి కర్ర ఉబ్బి అలుగు బయటికి రాకపోతే అక్కడివాళ్ళు పిడి కొసని బల్లకేసి ఒక్క దెబ్బ కొడతారు. అలుగు తల బయటపెడుతుంది, గోటితో లాక్కోవచ్చు. లోపం ఉంది. ఆ లోపానికి మందు వాడేవాడి చేతిలోనే ఉంది. ధర చూస్తే, టైటానియం చాకు ధరలో పదోవంతు ఉండదు.

అయితే ఖరీదైనవన్నీ దండగేనా అంటారేమో. అలా అంటే అన్యాయమవుతుంది. సెబెంజా చేసేవాళ్ళు మరలు విప్పుకునే పనిముట్టు చాకుతో పాటే ఇస్తారు. విప్పుకోండి, తుడుచుకోండి, మళ్ళీ బిగించుకోండి అంటారు. బేరింగుల జోలికి పోకుండా కంచు వాషర్లనే నమ్ముకున్నారు. అది నాకు నచ్చింది. నా లెక్కలో ఆ చాకు ఆయుష్షు టైటానియంలో లేదు, ఆ చిన్న పనిముట్టులో ఉంది.

పిల్లల పేర్ల ముందు మనం చిరంజీవి అని రాస్తాం. రాసి ఊరుకుంటున్నామా? తలంటి పోస్తాం, జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తాం, అర్ధరాత్రి లేచి దుప్పటి కప్పుతాం. ఆ మాటని నిజం చేసేది ఆ చాకిరీయే. వస్తువుకైనా అంతే. తుడవడం, నూనె వెయ్యడం, బిగించడం, అరిగిన ముక్క మార్చడం, వీటికి ధరల పట్టికలో చోటు లేదు. ఇంటి చాకిరీకి ఏ పట్టికలో చోటుంది గనక! అందుకే మన్నికనంతా లోహం ఖాతాలో జమకట్టేసి, ఆ లోహానికి ధర కట్టి మనకే అమ్ముతున్నారు.

మన వంటింట్లో ప్రెషర్ కుక్కరుని చూడండి. ముందు అరిగేది రబ్బరు గాస్కెట్టని మనకి తెలుసు, చేసినవాడికీ తెలుసు. అరిగే భారాన్ని చవకైన ముక్క మీద పెట్టి, ఆ ముక్కని వీధి చివర కొట్లో దొరికేట్టు చేశారు. ఏళ్ళ తరబడి కుక్కరు కూత వేస్తోందంటే పుణ్యం ఆ గాస్కెట్టుది, దాన్ని వేళకి మార్చే చేతిది. మన్నిక అంటే నా దృష్టిలో ఇదీ.

కాబట్టి రేపు మీ ఇంట్లో ఎవరైనా చాకో, మిక్సీయో, మరోటో "జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అంటూ కొనబోతే అడ్డం పడి మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ముందు అరిగే ముక్క ఏది? దాన్ని ఇంట్లో విప్పనిస్తారా? ఆ ముక్క విడిగా అమ్ముతారా? జవాబులొస్తే టైటానియమైనా కొనండి, తగరమైనా కొనండి. ఏది ముందు అరుగుతుందో చెప్పనివాడు ఎన్నాళ్ళు మన్నుతుందో చెబితే మాత్రం నమ్మకండి.