ఫార్మసీ మీదుగా ఎంబీబీఎస్‌కు దారి ఉందా?

నీట్ ర్యాంకులు వచ్చాక విజయవాడ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకే లెక్క నడుస్తుంది. కన్వీనర్ కోటాలో సీటు రాదు. బి కేటగిరీ ఫీజు తూగలేరు. మళ్లీ లాంగ్ టర్మ్‌కు పంపుదామంటే పిల్ల ఇప్పటికే అలిసిపోయి ఉంది. సరిగ్గా అప్పుడే బంధువుల్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు: ‘‘బీఫార్మసీలో చేర్పించెయ్యండి. మందుల చదువే కదా, డాక్టర్ కోర్సుకి బేస్ పడుతుంది. తర్వాత మెల్లిగా నీట్ రాసుకోవచ్చు.’’ గుడివాడలో, మచిలీపట్నంలో, అవనిగడ్డలో ఈ మాట నమ్మి ఫార్మసీ ఆప్షన్లు పెట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఈ సలహాలో సగం నిజం ఉంది. పిల్లల్ని దెబ్బతీస్తున్నది ఆ సగం నిజమే.

బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లోనే శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం మొదలవుతాయి. తర్వాత బయోకెమిస్ట్రీ, పాథోఫిజియాలజీ, మైక్రోబయాలజీ వస్తాయి. ఫార్మకాలజీ అయితే ఏకంగా మూడు సెమిస్టర్లు. ఎంబీబీఎస్‌లో ఫార్మకాలజీ ముఖం చూసేది మొదటి దశ దాటాకే. ఆస్తమా ఉన్న మనిషికి ప్రొప్రనొలాల్ ఎందుకు ఇవ్వకూడదో ఫార్మసీ చదివిన అమ్మాయికి అప్పటికే తెలుసు. అలాంటి అమ్మాయి మెడికల్ కాలేజీలో అడుగుపెడితే తోటివాళ్ల కంటే ముందుంటుంది. అందులో సందేహం లేదు.

చిక్కంతా ఆ అడుగు పెట్టడంలోనే ఉంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బోటనీ, జువాలజీ కలిపి 90. అన్నీ ఇంటర్ స్థాయి సిలబస్ నుంచే. నాలుగేళ్ల బీఫార్మసీలో భ్రమణ చలనం, కాంతిశాస్త్రం, విద్యుత్ సర్క్యూట్ల లెక్కలు ఎక్కడా తగలవు. మందు మొక్కల గురించి ఫార్మకాగ్నసీ ఉంటుంది గానీ నీట్ అడిగే బోటనీ అది కాదు. ఫార్మసీలో ఒక్కో సెమిస్టర్ గడిచేకొద్దీ విద్యార్థి నీట్‌కు దూరమవుతూ ఉంటాడు. ఫార్మసీ డిగ్రీ ఎంబీబీఎస్ చదవడానికి పనికొస్తుంది గానీ ఎంబీబీఎస్‌లో చేరడానికి పనికిరాదు. ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని ముక్క ఇదే.

నిబంధనలు చూసినా అంతే. మన దేశంలో ఫార్మసీ నుంచి ఎంబీబీఎస్‌కు లేటరల్ ఎంట్రీ లేదు. డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదు, చదివిన సబ్జెక్టులకు మినహాయింపూ లేదు. బీఫార్మసీ గోల్డ్ మెడలిస్టు అయినా ఇంటర్ ముగించిన పద్దెనిమిదేళ్ల పిల్లలతో కలిసి అదే పరీక్ష రాసి, అదే మొదటి సంవత్సరంలో కూర్చోవాలి. 2024లో నీట్‌కు దేశమంతటా 24 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఎంబీబీఎస్ సీట్లు అప్పటికి లక్ష పైచిలుకు. ఎంపీసీ చదివి ఫార్మసీలో చేరినవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. బీఫార్మసీలో వాళ్లకు రెమెడియల్ బయాలజీ పేపర్ ఉంటుంది గానీ నీట్ అర్హతకు అది చెల్లదు. బయాలజీని అదనపు సబ్జెక్టుగా బోర్డు పరీక్ష రాసి పాసైతేనే అర్హత వస్తుంది. జాతీయ వైద్య కమిషన్ ఆ వెసులుబాటు ఇచ్చింది కూడా 2023లోనే.

నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు కాబట్టి డిగ్రీ తర్వాత రాయడానికి అడ్డేమీ లేదు. కానీ కాలం లెక్క వేసుకోవాలి. బీఫార్మసీ ముగిసేసరికి 22 ఏళ్లు. ఒక ఏడాది లాంగ్ టర్మ్. తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. పీజీ మూడేళ్లు. మొదటి ప్రయత్నంలోనే అన్నీ కలిసొచ్చినా స్పెషలిస్టు అయ్యేసరికి ముప్పై దాటుతాయి. రెండెకరాల కౌలు మీద బతికే ఇల్లు అన్నేళ్లు మోయగలదా అన్నది ముందే మాట్లాడుకోవలసిన విషయం.

అసలు ఈ నమ్మకం ఎక్కడిది? 2016 దాకా బైపీసీ పిల్లలకు ఎంసెట్ ఒక్కటే. ఆ ఒక్క ర్యాంకుతోనే ఎంబీబీఎస్, అందకపోతే డెంటల్, అదీ కాకపోతే అగ్రికల్చర్, ఫార్మసీ. మెట్లు దిగినట్టు కౌన్సెలింగ్ జరిగేది. 2017 నుంచి మెడికల్ సీట్లు నీట్‌కు వెళ్లాయి, ఫార్మసీ రాష్ట్ర పరీక్షలో మిగిలింది. ఆ పరీక్షే ఇప్పటి ఈఏపీసెట్. పరీక్షలు విడిపోయినా జనం మనసులో ఆ వరుస చెరగలేదు.

రెండో కారణం అమెరికా. అక్కడ ఏదో ఒక డిగ్రీ పూర్తిచేశాకే మెడికల్ స్కూల్. ఫార్మసీ చదివినవాళ్లు కూడా కావలసిన సైన్స్ కోర్సులు పూర్తిచేసి, ఎంక్యాట్ రాసి వెళ్లవచ్చు. బ్రిటన్‌లో వార్విక్ లాంటి విశ్వవిద్యాలయాలు డిగ్రీ చదివినవాళ్ల కోసం నాలుగేళ్ల వైద్య కోర్సు నడుపుతున్నాయి. డాలస్‌లో ఉన్న మేనమామ ఫోన్లో ఇచ్చే సలహా అక్కడి పిల్లలకు సరైనదే. కానూరులో చదివే మేనకోడలికి అది వర్తించదు. పైగా 2003 తర్వాత పట్టా పొందినవాళ్లు అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సుకు ప్రయత్నించాలన్నా కనీసం ఐదేళ్ల కోర్సు చదివి ఉండాలి. మన నాలుగేళ్ల బీఫార్మసీ అందుకూ చాలదు. ఆరేళ్ల ఫార్మ్-డికి ఆ అర్హత ఉంది.

2008లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన ఈ ఫార్మ్-డి గురించి మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదు. చివరి ఏడాది మొత్తం ఆసుపత్రిలోనే. అక్కడ ఆ విద్యార్థి చేసే పని ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. దివిసీమ నుంచి వచ్చిన పెద్దాయన మంచం పక్కన పాలిథిన్ సంచి ఉంటుంది. అందులో బీపీకి రాసిన టెల్మిసార్టన్ ఒక కంపెనీది. మరో డాక్టరు రాసిన టెల్మిసార్టన్ ఇంకో కంపెనీ పేరుతో. రెండూ ఒకటేనని తెలియక రెండూ వేసుకుంటున్నాడు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ అదనం. ఏ పెద్దాసుపత్రి వార్డులోనైనా ఎదురయ్యే సంగతే ఇది. ఫార్మ్-డి విద్యార్థి ఆ స్ట్రిప్పులన్నీ పరిచి, పేర్ల వెనక ఉన్న మందును చదివి, క్రియాటినిన్ రిపోర్టు పక్కన పెట్టుకుని డ్యూటీ డాక్టరుకు చెబుతుంది. కిడ్నీ వ్యాధి పీడిస్తున్న ఎ.కొండూరు తండాల్లో నొప్పి మాత్రల గురించి ఇలా విడమరిచి చెప్పే మనిషి ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

మందుల చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే ప్రకాశం బ్యారేజీ దాటితే చాలు. తాడేపల్లి రైతు కుటుంబంలో పుట్టిన కల్లం అంజిరెడ్డి బొంబాయిలో ఫార్మస్యూటికల్స్ చదివి, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఫార్మసీలో చేరే పిల్లకు ఇంట్లో వినిపించవలసింది ఇలాంటి కథ. ‘‘ప్రస్తుతానికి ఇందులో ఉండు’’ అన్న మాటతో పంపితే ఆ పిల్ల నాలుగేళ్లూ సగం మనసుతోనే చదువుతుంది.

ఎంబీబీఎస్ మీదే ప్రాణం ఉన్నవాళ్లు ఫార్మసీలో చేరకముందే ఒక ఏడాది పూర్తిగా నీట్‌కు కేటాయించడం మేలు. కాలేజీలు కూడా అడ్మిషన్ రోజే తల్లిదండ్రులతో ఈ కోర్సు ఎంబీబీఎస్‌కు తీసుకెళ్లదని స్పష్టంగా చెప్పాలి. ఫార్మసీ, నర్సింగ్ పట్టభద్రులకు కొద్ది సీట్లతోనైనా ప్రత్యేక ప్రవేశం కల్పించే ఆలోచన జాతీయ వైద్య కమిషన్ చేయాలి. అది తేలేదాకా రాష్ట్ర ప్రభుత్వం తన చేతిలో ఉన్న పని చేయవచ్చు. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రిలో, 2023లో మొదలైన మచిలీపట్నం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ప్రతి మెడిసిన్ వార్డుకూ ఒక క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు మంజూరు చేసి, ఫార్మ్-డి చదివినవాళ్లతో భర్తీ చేయాలి.