సుగ్గికి పోయిన సంఘము

హొళగుంద పేరు మన పత్రికలలో ఏడాదికి ఒక్కసారి కనబడుతుంది. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరము జరిగిన మరుసటి ఉదయము, ఎంతమందికి తలలు పగిలాయో లెక్క చెప్పడానికి. మిగిలిన దినములలో ఆ మండలములో ఏమి జరుగుతున్నదో బయటివారికి పట్టదు. దసరా వెళ్లిన కొద్ది వారాలకే అక్కడ ఇంకొక సంగతి మొదలవుతుంది. ఊరి బయట లారీలు, బొలెరోలు ఆగుతాయి. వంట సామాను, బియ్యపు మూటలు, దుప్పట్లు, చంటిబిడ్డలు ఎక్కుతారు. ఇంటికి తాళము పడుతుంది. ముసలివారు అరుగు మీద మిగులుతారు. దీనిని అక్కడివారు సుగ్గికి పోవడము అంటారు. కన్నడములో సుగ్గి అంటే పంట కోత, కోతల కాలపు సంతోషము. సరిహద్దుకు ఇవతల అదే మాటకు ఇల్లు విడిచి పోవడమనే అర్థము వచ్చింది. తమ పొలములో కోత లేనివారు పరుల పొలములో కోతకు పోతున్నారు గనుక.

ఈ నెల మొదటి ఆదివారము మేము ఆ ప్రాంతములోని ఒక చిన్న గ్రామ సంఘమునకు వాక్యము చెప్పడానికి వెళ్లాము. నూతన సంవత్సరపు తొలి ప్రభు సంస్కారము. సంఘ కాపరి ఎప్పటివలెనే అరవై మందికి రొట్టె సిద్ధపరచారు. వచ్చినవారు పదునాలుగు మంది. అందులో తొమ్మిదిమంది అవ్వలు, తాతలు. ముగ్గురు పిల్లలు. ఆరాధన ముగిసిన తరువాత పళ్లెములో మిగిలిన రొట్టెను చూసి ఆ కాపరి ఏమీ అనలేదు. మేమూ అనలేదు. అయితే ఒప్పుకొనవలసిన మాట ఒకటి ఉన్నది. ఆ ఉదయము మేము నలభై నిమిషములు దశమభాగమును గూర్చి ప్రసంగించాము. పట్టణములో సిద్ధము చేసుకొనిపోయిన ప్రసంగము. ఎదుట కూర్చున్నవారిలో ఆ వారము చేతికి పైకము వచ్చినవారు ఒక్కరైనా ఉన్నారా అని మేము తిరుగు ప్రయాణములో గాని ఆలోచించలేదు.

ఈ వలస కొత్తది కాదు. హొళగుంద, హాలహర్వి, ఆలూరు, కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం, గోనెగండ్ల. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న ఈ మండలాలకు ఏటా ఇదే కథ. వానను నమ్ముకొన్న ఒక్క పంట. పత్తి, కంది, ఆముదము, వేరుశనగ. అది చేతికి వచ్చినా రాకపోయినా ఆ తరువాత పని ఉండదు. తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్నవారికి కొంత నయము అనుకొనేవారము. ఆ కాలువ చివరి భూములకు నీరు అందని సంగతి పాతదే. దాని మీద 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పాత గేట్లన్నీ మార్చవలెనని తేలింది. ఆ పని కోసము 2025-26 రబీకి రెండవ పంటకు నీరు వదలమని చెప్పారు. గేట్లు మార్చడము అవసరమే, ఎవరూ కాదనరు. కానీ ఆ నీటి కింద నాట్లు వేసి, కలుపు తీసి బ్రతికే కూలివారి ఇంటిలో ఈ నాలుగు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఆ నిర్ణయములో భాగము కాలేదు.

ఉపాధి హామీ పథకము దేశములోనే మొదట 2006 ఫిబ్రవరి 2న మన పొరుగున, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనది. ఏడాదికి నూరు దినముల పని అన్నారు. ఇప్పుడు 2025 డిసెంబరులో దాని స్థానములో వచ్చిన కొత్త చట్టము 125 దినములు అంటున్నది. అంకె పెరిగింది, మంచిదే. అయితే వ్యయములో రాష్ట్రము భాగమూ పెరిగింది. విత్తనాలు, కోతల కాలములో అరవై దినముల వరకు పని ఆపవచ్చనీ అందులో ఉన్నది. ఆ విరామము ఎప్పుడు అన్నదే ఇక్కడివారికి ముఖ్యము. కోస్తా కోతలను బట్టి నిర్ణయించి ఇక్కడ పని ఆపితే, కోయడానికి పంట లేని హొళగుందలో కూలివాడు లారీ ఎక్కక ఏమి చేస్తాడు? పని దొరికినా కూలి డబ్బు వారాలు, నెలలు ఆలస్యమైతే, మేస్త్రీ చేతిలో పెట్టే అడ్వాన్సే గెలుస్తుంది. అడ్వాన్సు తీసికొన్నవాడు ఇష్టమైనప్పుడు తిరిగి రాలేడు.

ఇంకొక వింత చూడండి. వలస కార్మికుల కొరకు 1979 నుండి ఒక చట్టము ఉన్నది. 2025 నవంబరులో అది కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. కానీ అందులో లెక్కకు వచ్చేది రాష్ట్రము దాటిన కార్మికుడే. హొళగుంద నుండి పక్కనే ఉన్న సిరుగుప్పకు పోయినవాడు కాగితము మీదనైనా వలస కార్మికుడు అవుతాడు. సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణించి గుంటూరు మిరప చేలకు పోయినవాడు కాడు. అతడు స్వరాష్ట్రములోనే ఉన్నాడు గనుక అతడు వలస పోయినట్టే కాదు!

బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు అని సండే స్కూలులో నేర్చుకొన్నాము. రూతు గ్రంథము ఆ రొట్టెల ఇంటిలో రొట్టె లేకపోవడముతోనే ఆరంభమవుతుంది. ఎలీమెలెకు భార్యను, ఇద్దరు కుమారులను తీసికొని మోయాబునకు పోయినది విహారమునకు కాదు, సుగ్గికే. పరదేశములో ముగ్గురు పురుషులు మరణించారు. నయోమి తిరిగి వచ్చినప్పుడు ఊరివారు ఆమెను గుర్తుపట్టలేకపోయారు. కరవు వలస ఒక ఇంటిని ఏమి చేస్తుందో ఇంత క్లుప్తముగా చెప్పిన అధ్యాయము మరొకటి లేదు. మనము సాధారణముగా దానిని దాటేసి, రూతు విశ్వాస్యత దగ్గరకు, అక్కడనుండి దావీదు వంశావళి దగ్గరకు పోతాము. మధ్యలో రెండవ అధ్యాయము ఉన్నది. బోయజు తన పొలములో పరదేశి స్త్రీని చూసి మొదట చేసిన పనులు ఏమిటి? పనివారెవరూ ఆమె మీద చెయ్యి వేయకూడదని ఆజ్ఞాపించాడు. దాహమైతే పనివారి కుండలలోని నీళ్లు తాగమన్నాడు. భోజనవేళ తనవారితో కూర్చుండబెట్టి తృప్తిగా పెట్టాడు. స్త్రీకి భద్రత, నీళ్లు, భోజనము. ఆయన ఆ దినము ప్రసంగము ఏమీ చేయలేదు.

ఈ మాట మేము హొళగుంద సంఘమునకు వ్రాయడము లేదు. గుంటూరు, పల్నాడు సంఘములకు వ్రాస్తున్నాము. 1842 జూలై 31న హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన నాటినుండి సువార్త విన్న ప్రాంతమది. ఊరూరా మందిరములు, ప్రతి మందిరములో మిరప రైతులు, కౌలు రైతులు, వ్యాపారులు, కమీషను ఏజెంట్లు ఉన్నారు. మా పాఠకులలో ఎందరో ఆ సంఘములవారే. మీ కల్లములో మిరపకాయలు ఆరబోస్తున్న ఆ స్త్రీ ఎక్కడనుండి వచ్చినదో అడిగారా? చేను గట్టు మీద వేసిన పట్టా గుడారములో రాత్రి ఆమె ఆడపిల్ల స్నానమునకు ఎక్కడికి పోతున్నదో ఎరుగుదురా? కూలివాని జీతము ప్రొద్దు గుంకకముందే ఇవ్వవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. మనము సీజను చివర మేస్త్రీతో లెక్క చూసుకొంటాము. మిరప ధర పడిపోయిన సంవత్సరములో రైతు నష్టము మాకు తెలియనిది కాదు. కౌలుకు తీసికొన్నవాడు నిండా మునుగుతాడు. అయినా ఆ నష్టము తూకములో తరుగుగా, కూలిలో కోతగా మారి చివరకు మన తోటి విశ్వాసి నెత్తినే పడుతున్నప్పుడు, యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము చదవడానికి మనకు నోరు ఎలా వస్తుంది?

సేవ అనగానే మనకు క్రిస్మసు దుప్పట్లు జ్ఞాపకము వస్తాయి. ఫ్లెక్సీ, ఫోటో, వాట్సాప్ గ్రూపు. దుప్పటి ఇవ్వడము తప్పని మేము అనము, చలిలో అది వెచ్చగానే ఉంటుంది. కానీ డిసెంబరు 25 నాటికి ఆ దుప్పటి కావలసినవాడు ఊరిలో లేడు.

ఈ సందర్భములో మన తెలుగు సంఘ చరిత్రలోని ఒక సంగతి మళ్లీ జ్ఞాపకము చేయవలెను. 1876-78 నాటి కరవులో నాటి బళ్లారి జిల్లా ఘోరముగా దెబ్బతిన్నది. ఆదోని, ఆలూరు అప్పుడు ఆ జిల్లాలోనివే, 1953లో గాని ఆంధ్రలోనికి రాలేదు. ప్రభుత్వము కరవు పనులలో కూలిని ఒకానొక దశలో దినమునకు ఒక పౌను ధాన్యము, దాని మీద చిల్లర పైసలకు కుదించినది. అదే కాలములో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుకు తీసికొన్నారు. బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. ఆకలిగొన్నవారికి, ముఖ్యముగా మాదిగ పల్లెలవారికి, పని చూపించారు. వేలమంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరవు పని, ధర్మము సాగుతున్నంతకాలము బాప్తిస్మములు నిలిపివేశారు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆయన పట్టుదల. సహాయము ఆగిపోయిన తరువాతనే తలుపు తెరిచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

మనము వార్షికోత్సవములలో ఆ 2,222 అంకెను మాత్రమే చెప్పుకొంటాము. ఆ నిరీక్షణ నెలలను చెప్పము. మా దృష్టిలో ఆ అంకె కంటె ఆ నిలుపుదలే గొప్పది. సేవను ఎరగా వాడనన్న మనుష్యుడు ఆయన. నేడు క్రైస్తవుడు ఎవరికైనా గిన్నెడు గంజి పోసినా అనుమానముతో చూసే దినములలో, ఆ నిగ్రహము మనకు రక్షణ మాత్రమే కాదు, సాక్ష్యము కూడా. హొళగుందలో తాళము పడిన ఇండ్లలో బోయవారివి, కురుబవారివి, ముస్లిములవి, మాలమాదిగలవి అన్నీ ఉన్నాయి. మన మందిరములో పిల్లలకు అన్నము పెట్టితే అన్ని ఇండ్ల పిల్లలకు పెట్టవలెను. పెట్టిన చేతితో కరపత్రము ఇవ్వనవసరము లేదు.

పిల్లల మాట ఎత్తాము గనుక చెబుతాము, అసలు నష్టము అక్కడే ఉన్నది. 2011 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా అక్షరాస్యత అరవై శాతమునకు కూడా చేరలేదు. ఈ పడమటి మండలాలు అందులోనూ వెనుక. నవంబరులో తల్లిదండ్రులతో పోయిన బిడ్డ ఉగాదికి తిరిగి వస్తాడు. అప్పటికి పరీక్షలు దగ్గరపడతాయి. మూడు సుగ్గులు అట్లే గడిస్తే నాలుగవ ఏట బడికి పోడు, చేనికి పోతాడు. ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు అని ఒక ఏర్పాటు చేసినది. బడిలోనే పిల్లలను ఉంచుకొని అన్నము పెట్టి చదివించే పద్ధతి. మంచి ఏర్పాటు. కానీ లారీ కదలిన తరువాత తెరిచే హాస్టలు ఎవరికి? తల్లి బయలుదేరేనాటికి ఆ తలుపు తెరిచి ఉండవలెను. అక్టోబరులోనే ఎం.ఇ.ఓ. కార్యాలయమునకు వెళ్లి, ఫలానా ఊరిలో ఇంతమంది పిల్లలు మిగులుతారని పేర్లతో సహా జాబితా ఇవ్వగలిగినవారు ఊరిలో ఎవరు? ఎవరి ఇల్లు ఎప్పుడు తాళము పడుతుందో ముందుగా తెలిసినవారు ఎవరు? సంఘ కాపరికి తెలుసు. ప్రయాణ ప్రార్థనకు ఆయన దగ్గరకే వస్తారు.

పూర్వము ఒక సంఘము నుండి మరియొక సంఘమునకు పోయే విశ్వాసికి బదిలీ పత్రిక ఇచ్చేవారు. ఫీబేను చేర్చుకొమ్మని పౌలు రోమా సంఘమునకు వ్రాసినది ఆ కోవలోనిదే. ఇప్పుడు ఆ పత్రికను పెండ్లి రిజిస్టరు కొరకు మాత్రమే అడుగుతున్నాము. సుగ్గికి పోయే ప్రతి కుటుంబము చేతికి ఒక కాగితము ఇచ్చి, అక్కడి కాపరికి ఒక్క ఫోను చేస్తే ఎంత ఖర్చు? ఆ కాపరి ఒక సాయంకాలము గుడారముల దగ్గరకు నడిచి వెళ్లితే చాలు. ఆ కూలివారికి ఆ ఊరిలో ఒక పేరు, ఒక ముఖము ఉన్నదని రైతుకు, మేస్త్రీకి తెలుస్తుంది. జ్వరమొస్తే ఎవరిని పిలవాలో వారికి తెలుస్తుంది. రేషను కార్డు మీద బియ్యము రాష్ట్రములో ఎక్కడైనా తీసికోవచ్చన్న సంగతి కూడా చాలామందికి చెప్పేవారు లేరు.

2026లో భస్మ బుధవారము ఫిబ్రవరి 18న. మన శ్రమ దినములు, మిరప కోతల ముమ్మరము ఒక్కసారే నడుస్తాయి. ఆ నలభై దినములలో గుంటూరు, పల్నాడు సంఘములు తమ చేల గట్ల దగ్గర ఒక్క కూడికైనా పెట్టుకొనవలెనని, కూడికకు ముందు నీళ్ల డ్రమ్ము, మరుగుదొడ్డి సంగతి చూడవలెనని మా మనవి. ఏ గ్రామమువారు ఎక్కడ ఉన్నారో తెలిపే కాపరుల ఉత్తరములను ఈ పుటలో ప్రచురిస్తాము.

ఆ ఆదివారము మేము బయలుదేరుతుండగా ఒక అవ్వ కారు దగ్గరకు వచ్చినది. “అయ్యగారూ, మీరు ఆ పక్కకు పోతుంటారు గదా. మా పిల్లోల్లు ఉండే ఊర్లో గుడి ఉందేమో కనుక్కోండి” అన్నది. ఏ ఊరు అవ్వా అని అడిగాము. ఊరి పేరు ఆమెకు తెలియదు. మేస్త్రీ నంబరు ఒక చీటీ మీద వ్రాయించి బైబిలులో పెట్టుకొన్నది. దానిని మేము వ్రాసుకొన్నాము. మూడు వారములుగా ఆ నంబరుకు చేస్తున్నాము. ఇంతవరకు ఎత్తలేదు.