నల్లమల బాట పొడిగించే ముందు గ్రామసభను అడగాలి

ఉగాది దగ్గర పడుతోందంటే కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు కాలినడకన మన ఊళ్ల మీదుగా సాగుతారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరి శ్రీశైలం వెళ్తారు. దారి పొడవునా మన రైతులే మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లకు చెట్టు కింద చాప వేస్తారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు మెట్లు కట్టించిన దారి ఇది. నడిచేవాళ్ల మీద మనకు కోపం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

ఇప్పుడు మాట్లాడవలసింది వేరే నడక గురించి. ఏడాదిలో కొద్ది రోజులే తెరిచే ఇలాంటి బాటలను ఒకదానితో ఒకటి కలిపి, పొడిగించి, మిగతా కాలంలో కూడా ట్రెక్కింగుకు తెరిస్తే బాగుంటుందన్న మాట పర్యాటకం గురించి చర్చ వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. రోడ్డు వేయరు, గని తవ్వరు, మనుషులు నడిచి వెళ్తారు, అంతేకదా అంటారు. కానీ అడవి అంచున బతికే మనకు తెలుసు, ఏ బాటా ఒంటరిగా రాదు. దాని వెంట టికెట్ గది వస్తుంది, బస చేసే గుడారాలు వస్తాయి, జీపుల దారి వస్తుంది, కంచె వస్తుంది. కంచెకు ఏ పక్కన మనం ఉంటామన్నదే ప్రశ్న.

ప్రాజెక్టు కాగితం మీదికి ఎక్కాక మాట్లాడితే ఆలస్యం అవుతుందని మనకు శ్రీశైలం నేర్పింది. 1981లో రిజర్వాయరు కోసం వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగం అన్న 98వ నంబరు జీవో చేతబట్టుకుని తిరిగిన కుటుంబాలు ఎన్నో నేటికీ మన మధ్య ఉన్నాయి. వెలిగొండ సొరంగాలు నల్లమల కింద నుంచే తవ్వారు. నీళ్లు కావాలని మనమే పోరాడాం. అక్కడ కూడా ముంపు గ్రామాలవాళ్లు పునరావాసం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. పని మంచిదైనా, ముందు మాట తీసుకోకపోతే నష్టపోయేది ఊరే.

అడవిలో ఈ రోజు ఉన్న తేడాను చూడండి. నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోని అతి పెద్ద పులుల అభయారణ్యాలలో ఒకటి. 1983లో ప్రకటించారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయింది. అందులో మేకలు తోలుకుపోతే కేసు, కట్టె విరిస్తే జరిమానా. మండు వేసవిలో చెరువులు ఎండి, పశువులను లోపలి మడుగుకు తోలిన కాపరి చేతులు కట్టుకుని నిలబడాలి. అదే దారిలో వీపున సంచి తగిలించుకుని వచ్చినవాడికి టికెట్ ఇస్తారు, తోడుగా మనిషిని ఇస్తారు. వచ్చినవాడిని తప్పు పట్టడం లేదు. ఒకే అడవికి రెండు చట్టాలు ఎలా ఉంటాయని అడుగుతున్నాం.

నిజానికి చట్టం అలా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి మీద ఆధారపడి బతుకుతున్న గిరిజనులకు సాగుభూమి మీద హక్కు ఉంది. మూడు తరాలుగా అలా బతుకుతున్న ఇతరులకూ ఉంది. పొలం పట్టా ఒక్కటే కాదు, తేనె, ఉసిరి, కుంకుడు, తపసి బంక సేకరించుకునే హక్కు, పశువులను మేపుకునే హక్కు, అడవిని కాపాడుకునే సామూహిక హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. చెంచు గూడేలలో వ్యక్తిగత పట్టాలు చూసినంతగా సామూహిక హక్కుల పత్రాలు మనం చూడలేదు. ఆ దరఖాస్తులు తేలకముందే పొడవాటి బాట గీస్తే, ఆ గీత ఎవరి తేనె చెట్ల మధ్య నుంచి, ఎవరి మేపు మీదుగా పోతుందో చెప్పేదెవరు?

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణం, చిన్న నీటి చెరువు, రోడ్డు వంటి 13 రకాల పనులకు గ్రామసభ సిఫారసుతో ఒక హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఆ పదమూడింటిలో పర్యాటక బస లేదు. కానీ 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు, ఆమోదం పొందిన ప్రణాళికలో ఉన్న పర్యావరణ పర్యాటక సదుపాయాలకు అటవీయేతర పని అన్న ముద్ర తీసేశారు. గూడేనికి కరెంటు తీగ వేయాలంటే ఏళ్లు తిరగాలి, గుడారాల వసతికి దారి మాత్రం సులువైంది. ఈ సవరణను రైతు సంఘాలు పెద్దగా పట్టించుకోలేదు. అది మన లోపమే.

పులి పేరు చెప్పి మనల్ని ఆపేవాళ్లు పులి కోసం రాసిన నియమాలను కూడా గుర్తుంచుకోవాలి. 2012లో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతంలో పర్యాటకాన్ని కొద్ది నెలలు ఆపింది. తర్వాత వచ్చిన మార్గదర్శకాలలో కోర్ ప్రాంతంలో ఇరవై శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని, అక్కడ కొత్తగా పర్యాటక కట్టడాలు కట్టకూడదని ఉంది. వానాకాలంలో జంతువులు జతకట్టే రోజులని సఫారీలు ఆపుతున్నారు. సఫారీకి వర్తించేది కాలిబాటకూ వర్తించాలి. బాట పొడవు పెరిగే కొద్దీ రాత్రి బసలు పెరుగుతాయి, ప్లాస్టిక్ పెరుగుతుంది, వేసవిలో ఒక్క బీడీ ముక్కకు కొండ తగలబడే ప్రమాదం పెరుగుతుంది. మంట ఆర్పడానికి పచ్చికొమ్మలు పట్టుకుని పరిగెత్తేది చెంచు యువకులే.

ఇంకో లెక్క కూడా ఉంది. లోపల సందడి పెరిగితే జంతువు పక్కకు జరుగుతుంది. పక్కన ఉన్నది మన చేను. అడవిపందులు ఇప్పటికే మొక్కజొన్న, వేరుశనగ చేలను రాత్రికి రాత్రి దున్నిపోతున్నాయి. కాపలాకు మంచె మీద పడుకోని రైతు అంచు గ్రామాల్లో లేడు. పంట నష్టానికి పరిహారం కోసం ఫోటోలు, పంచనామా, సంతకాలు అంటూ తిరిగి తిరిగి వదిలేసుకున్నవాళ్లే ఎక్కువ. బాటకు పెట్టే డబ్బు ఉన్నప్పుడు పంటకు ఇచ్చే డబ్బు లేదంటే ఒప్పుకోలేం.

ఇతర దేశాల అనుభవం చూద్దాం. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ బాట ఉంది. ప్రపంచమంతా మెచ్చుకునే బాట. 1978 తర్వాత దానికి ఇరుపక్కలా భూమి కొనేటప్పుడు, అమ్మనన్న కొందరి దగ్గర ప్రభుత్వం బలవంతంగా సేకరించింది. ఆ బాట దాటిపోయే షెనాండోవా పార్కు కోసమైతే 1930లలో వందలాది కొండ కుటుంబాలను లేపేశారు. అందాన్ని చూసేవాళ్లకు ఈ కథ కనిపించదు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. నేపాల్‌లో అన్నపూర్ణ కొండల దగ్గర 1986లో మొదలైన సంరక్షణ పథకంలో అక్కడి ఊళ్లను ఖాళీ చేయించలేదు. నడవడానికి వచ్చేవాళ్లు కట్టే రుసుమును ఆ ప్రాంతం సంరక్షణకు, ఊరి పనులకు ఖర్చు పెడతారు. దారి పక్క బసలు నడిపేది చాలావరకు ఆ ఊళ్లవాళ్లే. ఇంగ్లండులో 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు దేశమంతటా పల్లెల కాలిబాటలు నెలల తరబడి మూసేశారు. నడకకు పేరుపడిన దేశంలోనే పశువు ప్రాణం ముందు నడక ఆగింది. అంటే నియమం పెట్టాలనుకుంటే పెట్టవచ్చు.

మనవాళ్లలో వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఉన్నారు. అటవీ క్యాంపులలో వంట, కాపలా, దారి చూపే పని దొరికిన కుర్రాళ్లు ఊరు వదిలి వలస పోకుండా ఆగారని వాళ్లు అంటారు. అది నిజం. ఆ జీతం చిన్నదైనా ఇంటికి ఆసరా. యురేనియం తవ్వకాల మీద 2019లో నల్లమల ఒక్కటై నిలబడినప్పుడు, అడవిని అడవిగా ఉంచి బతుకుదెరువు ఎలా అని మనల్ని అడిగినవాళ్లున్నారు. నడక బాట దానికి ఒక జవాబు కావచ్చు. అందుకే వద్దు అనడం లేదు. కూలి మనదీ, గల్లా ఇంకొకరిదీ అయితే మాత్రం అది జవాబు కాదు.

కాబట్టి సంఘం అభిప్రాయం ఇదీ. చెంచు గూడేల, అంచు గ్రామాల సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులు తేల్చాకే ఏ బాటనైనా పొడిగించాలి. బాట పోయే ప్రతి ఊరిలో, ప్రతి పెంటలో గ్రామసభ పెట్టి, పటం గోడకు అంటించి, తెలుగులో చదివి వినిపించి తీర్మానం తీసుకోవాలి. కాదన్న ఊరి మీదుగా బాట వేయకూడదు. సాగులో ఉన్న భూమిని, పశువుల దారిని, నీటి మడుగులను వదిలేయాలి. మంటల కాలంలో, వానాకాలంలో బాట మూయాలి. రోజుకు ఎందరన్న పరిమితి ఊరికి తెలిసేలా ఉండాలి. టికెట్ డబ్బులో వాటా గ్రామసభ ఖాతాకు నేరుగా రావాలి. దారి చూపే పని, బస, భోజనం స్థానికులకే ఇవ్వాలి, గుత్తకు బయటివాళ్లకు ఇవ్వకూడదు. పంట నష్టపరిహారం బకాయిలు ముందు చెల్లించాలి. ఉగాది, శివరాత్రి నడకకు వచ్చే భక్తులకు ఇప్పుడున్న వెసులుబాటు తగ్గకూడదు.

ఈ నెల మండల కమిటీలు చేయవలసిన పని ఒకటుంది. మీ ఊరి అటవీ హక్కుల దరఖాస్తులు ఏ దశలో ఉన్నాయో ఐటీడీఏలో, సబ్‌కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. జవాబు కాగితం దాచుకోండి. రేపు ఎవరైనా కొండ మీద గీత గీయడానికి వస్తే మన చేతిలో ముందు ఆ కాగితం ఉండాలి.

వచ్చే ఉగాదికి కూడా మజ్జిగ కుండ దారి పక్కనే పెడదాం. దాహంతో వచ్చినవాడు ఏ ఊరివాడని మనం ఎప్పుడూ అడగలేదు. బాట వేసేవాళ్లు మాత్రం మన ఊరిని అడిగి తీరాలి.