మా ఒళ్లు, మా లెక్క – 5: స్లీవా? బైపాసా?



పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆత్మకూరులో మా స్టాఫ్‌రూమ్‌కి పాత విద్యార్థిని ఒకమ్మాయి వచ్చింది. ఉదయగిరి అవతల పల్లె, దళితవాడ పిల్ల. కుర్చీ చూపిస్తే వద్దని బెంచీ మీద కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. చేతులున్న కుర్చీ కనబడితే నేనూ ముందు కళ్లతో కొలత వేసుకుంటా.

బ్యాగులోంచి రెండు ఫైళ్లు తీసింది. "మేడమ్, ఈ డాక్టరు స్లీవ్ అంటాడు. ఆయనేమో మినీ బైపాస్ అంటాడు. పీసీఓఎస్‌కి ఏది మంచిది?"

ఆ వారమే ఉదయగిరిలో మీటింగు అయ్యాక, టీ తాగుతూ మన సీనియర్ అన్న ఒకాయనతో ఈ సంగతి చెప్పాను. "లావు తగ్గే ఆపరేషన్లు బలిసినోళ్ల గోలమ్మా. మన ఆడోళ్లు రక్తం లేక చస్తుంటే నువ్వు దీని మీద రాస్తావా?" అన్నాడు.

రాస్తానన్నా. అన్న చెప్పిన రక్తమూ, ఆ పిల్ల అడిగిన ఆపరేషనూ ఒకే ఒంట్లో ఉన్నాయి కాబట్టి.

రక్తం మాట నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత తేలింది. కానీ ఆకలి ఉన్నచోట లావు ఉండదనుకోవడం దగ్గరే అన్న తప్పటడుగు వేశాడు. పుణే చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లండ్ పిల్లలకంటే బాగా బరువు తక్కువ. కండ తక్కువ, కానీ కొవ్వు ఆ లెక్కన తగ్గలేదు. కడుపులో ఉండగా తిండి చాలని బిడ్డ ఒళ్లు కొవ్వును పట్టుకుని, కండను వదులుకుంటుందని, పెద్దయ్యాక ఇన్సులిన్ మాట సరిగా వినని ఒళ్లు అవుతుందని ఆ పరిశోధకుల వాదన. మా అవ్వ కరువులో పస్తులుంది. మా అమ్మ రేషన్ బియ్యం మీద నన్ను మోసింది. నా ఇన్సులిన్ కథ మా అవ్వ దగ్గర మొదలై ఉండొచ్చు. ఇది బలిసినోళ్ల రోగమైతే బాబాసాహెబ్‌ని ఏళ్ల తరబడి మధుమేహం ఎందుకు పీడించింది?

నేను పీహెచ్‌డీ చేసింది తెలుగు సాహిత్యంలో. నేను చదివినంతలో మన కథల్లో దళిత స్త్రీ ఒళ్లంటే ఎండిన డొక్క, లేకపోతే దొర కన్నుపడే నిండు ఒళ్లు. గడ్డం మీద వెంట్రుకలు పీక్కుంటూ, మూడు నెలలుగా నెలసరి రాక, నూరు కేజీల ఒంటితో బస్సులో రెండు సీట్ల మధ్య ఇరుక్కున్న మాదిగ పిల్ల నాకు ఎక్కడా కనబడలేదు. కథలో లేని మనిషికి ఉద్యమంలోనూ చోటు దొరకడం కష్టం.

సరే, ఆపరేషన్ సంగతికొద్దాం.

పీసీఓఎస్‌ని మనోళ్లు నీటి బుడగలంటారు. స్కానింగులో బుడగల్లా కనిపించేవి ఎదగకుండా ఆగిపోయిన అండాల గూళ్లు. చాలామందిలో అసలు ముడి ఇన్సులిన్ దగ్గరుంటుంది. ఒళ్లు విననికొద్దీ క్లోమం ఇంకా పోస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. బరువు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లకి ఈ ఆపరేషన్‌తో పని లేదు. లావుగా ఉన్నవాళ్లలో కూడా 5 నుంచి 10 శాతం బరువు తగ్గితేనే కొందరికి నెలసరి దారిన పడుతుంది. తిండి, నడక, మెట్‌ఫార్మిన్, అన్నీ చూసి, ఏళ్లు గడిచి, అప్పటికీ లొంగని ఒంటి గురించే నేను మాట్లాడేది.

స్లీవ్ అంటే పొట్టసంచిలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి అరటికాయ ఆకారంలో గొట్టం మిగల్చడం. తీసింది తిరిగి రాదు. పేగుల దారి మాత్రం మారదు.

బైపాస్ అంటే పొట్ట పైకొసన 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచి చేసి, దాన్ని తెచ్చి చిన్నపేగు కిందిభాగానికి కలపడం. ఊరికి బైపాస్ రోడ్డు పడితే ఊళ్లో అంగళ్లకు బేరం పోతుంది చూశారా, అదీ సంగతి. ఇక్కడ తప్పించిన ఊరు ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికెక్కే చోటు. మినీ బైపాస్‌లో రెండు అతుకుల బదులు ఒకటే అతుకు. 1997లో అమెరికాలో రట్లెడ్జ్ అనే సర్జన్ మొదలుపెట్టాడు, మన దేశంలో బాగా పాకింది. మినీ అనే మాట చూసి చిన్న ఆపరేషన్ అనుకోకండి. తప్పించే పేగు పొడవు ఎక్కువే ఉంటుంది, పైత్యరసం పైకి తన్నే సమస్యా ఉంది.

పీసీఓఎస్‌కి ఏది మంచిదని కదా ప్రశ్న. 2024లో లాన్సెట్‌లో బాంబిని అనే అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లో పీసీఓఎస్ ఉన్న 80 మంది ఆడవాళ్లలో సగం మందికి స్లీవ్ చేశారు, సగం మందికి మందులూ సలహాలూ ఇచ్చారు. ఏడాదిలో ఆపరేషన్ అయినవాళ్లలో అండం దానంతటది విడుదలవడం రెండున్నర రెట్లు ఎక్కువ. బైపాస్ చేసినవాళ్లలోనూ నెలసరి కుదురుకోవడం వేరే అధ్యయనాల్లో కనబడింది. అంటే పీసీఓఎస్ ఒక్కటే చూస్తే రెండూ పనిచేస్తాయి. తేల్చాల్సింది దాని పక్కనున్న మిగతా రోగాలు, రక్తం, ఊరు, డబ్బు.

నా ఒంటినే తీసుకోండి. షుగర్ అంచు మీద ఉంది, దాటలేదు. పుల్లతేపులు లేవు, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగుంది. ఐరన్ మాత్రం పదేళ్లుగా అడుగునే. నాలాంటి దానికి పేగు దారి మార్చని స్లీవే నయమనిపించింది.

ఆ పిల్ల సంగతి వేరు. 23 ఏళ్లకే షుగర్. రాత్రి పడుకుంటే గొంతులోకి పులుపు. స్లీవ్ తర్వాత ఈ మంట ముదరొచ్చు, లేనివాళ్లకి కొత్తగా రావచ్చు కూడా. మంటకీ షుగర్‌కీ కలిపి చూస్తే మామూలు బైపాస్‌కే మొగ్గు. అది ఆ రెండు ఫైళ్లలోనూ లేదు. ఎవరికి చెయ్యి తిరిగింది వాళ్లు రాసిచ్చారు. ఇంకోటి చెప్తే నమ్మరు. రెండు ఫైళ్లలోనూ హిమోగ్లోబిన్ 8.9 అని ఉంది, దాని కింద ఒక్క గీతా లేదు. ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డి చూడనే లేదు. ప్యాకేజీ రేటు, నెలవారీ వాయిదాల లెక్క మాత్రం రంగు కాగితం మీద ఉన్నాయి.

బైపాస్ చేయించుకున్న మనిషి బతికినంతకాలం ఐరన్, కాల్షియం, బీ12, విటమిన్ డి మింగాలి. స్లీవ్ అయినా మానకూడదు. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏటా రక్తపరీక్షలు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. పోను రాను ఒక కూలి రోజు పోతుంది, ఆపరేషన్ చేసింది చెన్నైలో అయితే రెండు రోజులు.

ఇప్పుడు రాసేది దయచేసి మీ వాడలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే చదివి వినిపించండి. ఒళ్లు నొప్పులకి, నెలసరి నొప్పికి మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్లు మింగకూడదు. అతుకు దగ్గర పుండు పడుతుంది, చిల్లు కూడా పడొచ్చు. పొగాకూ అంతే. రెండోది వాంతులు. ఏ ఆపరేషన్ తర్వాతైనా రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో బీ1 అయిపోతుంది. అప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒట్టి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే మెదడుకే ముప్పు. ముందు బీ1 ఇంజెక్షన్ పడాలి. ఆపరేషన్ చేసినచోటికో పెద్దాసుపత్రికో వెంటనే పోవాలి. ఈ రెండు ముక్కలూ తెలుగులో అచ్చేసి చేతికివ్వాల్సినవి. నాకు ఒక ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాలు పన్నెండు పేజీలు, అన్నీ ఇంగ్లీషే.

ఆ కాగితాల్లో డైట్ చార్టు ఒక ముచ్చట. పనీరు, మొలకలు, ఓట్సు, గ్రిల్డ్ చికెన్. రోజుకి 60 గ్రాముల పైన ప్రొటీన్ కావాలట, డబ్బా పొడి కొనాలట. "పెద్ద మాంసం తినొచ్చా?" అని అడిగాను. డైటీషియనమ్మ పెన్ను కిందపెట్టి నా పేరు మళ్లీ చదివింది. ప్రొటీనూ, సులువుగా ఒంటికెక్కే ఐరనూ, బీ12 మూడూ ఉండి, మా వాడలో అందే ధరకు దొరికే తిండి అది. మొదటి నెలల్లో గట్టి మాంసం దిగదు, ఖీమాలా కొట్టి, మెత్తగా ఉడికించి, కొంచెం కొంచెంగా తినాలి. ఆ మాట ఆమె చెప్పలేదు, వేరే డాక్టరు చెప్పాడు. నేనైతే ఉదయగిరి చెక్క స్పూన్లలో అన్నిటికంటే చిన్నది ఒకటి కొని పెట్టుకున్నా, ముద్ద చిన్నదవుతుందని.

ఇక పెళ్లి. ఆ పిల్ల అమ్మ ఆపరేషన్‌కి ఒప్పుకుంది సంబంధాల కోసం. బరువు తగ్గుతూనే అండాలు విడుదలవడం మొదలవుతుంది, ఏళ్లుగా నెలసరి రానివాళ్లకి ఊహించకుండా గర్భం నిలుస్తుంది. కానీ ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు, తల్లికే చాలని పోషణ బిడ్డకేం అందుతుంది. బైపాస్ తర్వాత నోటిమాత్రల మీద పూర్తిగా భరోసా పెట్టుకోలేం. కాపర్-టి పెడితే కొందరికి రక్తస్రావం ఎక్కువ, రక్తమే లేనివాళ్లకి అది ఇంకో లెక్క. ఇదంతా పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. మన ఊళ్లలో పెళ్లికాని పిల్ల ఈ మాట అడిగితే కౌంటరు దగ్గర చూసే చూపు మీకు తెలుసు. పెళ్లి ముహూర్తానికి సరిపోయేలా ఆపరేషన్ తేదీ పెట్టడం మీద నా కోపం అందుకే.

డబ్బు దగ్గర ఇంకో తమాషా. 2022లో ప్రపంచ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్లకి బీఎంఐ 27.5 దాటితేనే ఆపరేషన్ ఇవ్వొచ్చన్నాయి. మన బీమా నియంత్రణ సంస్థ 2019 నిబంధనల్లో 40 దాటాలి, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బు తోడుండాలి. ఆ జబ్బుల జాబితాలో గుండె ఉంది, నిద్రలో ఊపిరి ఆగడం ఉంది, అదుపు కాని షుగర్ ఉంది. పీసీఓఎస్ లేదు. సంతానలేమి చికిత్సకి బీమా వర్తించదని వేరే క్లాజు. అమ్మేటప్పుడు మనం రోగులం, కట్టేటప్పుడు కాదు. అన్నా, మీరు జెండా పట్టుకోవాల్సిన చోటు ఇది.

ఆ పిల్ల లేచేటప్పుడు అడిగింది, "అసలు చేయించుకోకపోతే తప్పా మేడమ్?"

తప్పేం కాదన్నా. షుగర్‌కి మందులు మానొద్దు, మూడు నెలలు దాటి నెలసరి రాకపోతే ఊరుకోవద్దు, గర్భసంచి లోపొర మందమైపోతుంది, అన్నా. ముందు రక్తం పెంచుకోమన్నా. ఐరన్ సెలైన్ రెండు సార్లు ఎక్కించారు. నిన్న ఫోన్ చేసింది, 10.6కి వచ్చిందట. మామూలు బైపాస్ గురించి మూడో డాక్టరుని అడగడానికి దసరా సెలవుల్లో ఇద్దరం కలిసే పోతున్నాం. నా తేదీ కూడా అప్పుడే అడుగుతా. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

(ఇంకా ఉంది)