ధర చెప్పే నోరు దిగులెందుకు చెప్పదు?

గుంటూరు యార్డు నుంచి వచ్చిన రైతుని "ఏం పడింది?" అని అడగండి. తేజ ఎంత, తాలు ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, రూపాయి తేడా లేకుండా చెప్తాడు. అదే మనిషిని "నువ్వెట్టా ఉన్నావ్?" అని అడగండి. "ఆ, ఏముంది, బానే ఉన్నాం" అంటాడు. ఆ 'బానే' వెనక ఎంత అప్పుందో పురుగుమందుల కొట్టాయన ఖాతా పుస్తకానికి తెలుసు. ఇంట్లో ఆవిడకి తెలియదు.

మనకిది కొత్త కాదు మిత్రులారా. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మన ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూత మీద పడింది. 2023లో క్వింటా 20 వేలు దాటిన కాయకి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించాల్సొచ్చింది. ప్రతిసారీ పురుగు గురించి మాట్లాడాం, ధర గురించి మాట్లాడాం, ప్రభుత్వాన్ని నిలదీశాం. అన్నీ అవసరమే. కానీ "నాకు భయమేస్తంది" అని మనలో ఎంతమంది అన్నాం? మనిషి పోయాక అప్పులోళ్లు ఒక్కొక్కరే గుమ్మం ముందుకొస్తుంటే, ఎవరికి ఎంతో భార్య అప్పుడే మొదటిసారి వింటుంది. ఇది మన ఊళ్లల్లో ఎన్నిసార్లు చూళ్లేదు?

అప్పు ఒక బరువైతే, దాన్ని దాచడం ఇంకో బరువు. నా ఉద్దేశంలో ఆ రెండోదే ఎక్కువ. దాచినోడు అన్నీ ఒక్కడే తేల్చుకోవాలి. పాత వడ్డీ కట్టడానికి ఎక్కువ వడ్డీకి తెస్తాడు. పోయింది రాబట్టాలని ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుంటాడు. తెలిస్తే ఇంట్లోవాళ్లు ఆపేవాళ్లే. "ఈ ఏడు మిరప తగ్గిద్దాం, శనగ వేద్దాం. ఏసీలో టిక్కీలు ఎన్ని ఉంచుదాం, ఎన్ని అమ్ముదాం" అని నలుగురూ కూర్చుని అనుకునేవాళ్లే.

మరి ఎందుకు చెప్పం? చులకనైపోతామని. పిల్ల సంబంధం చెడిపోద్దని. ఒకడికి తెలిస్తే మిగతా అప్పులోళ్లంతా మీద పడతారని. ఇవి ఉత్త భయాలని నేననను. ఊళ్లో మాట ఎంత తొందరగా పాకుద్దో మనకి తెలుసు. అందుకే రచ్చబండ దగ్గర చెప్పమనట్లా. ఒక్కరికి చెప్పండి. ఇంట్లో ఆవిడో, తోడబుట్టినోళ్లో, బావమరిదో, మీ మాట బయటికి పోనీయని ఒక్క మనిషి. "ఇంత అప్పుంది" అనడం సగమే. "రాత్రుళ్లు నిద్ర పట్టట్లా, భయమేస్తంది" అనేది మిగతా సగం. మనకి కష్టం ఆ రెండోదే.

వినేవాళ్లకి కూడా ఒక మాట. "నే అప్పుడే చెప్పలా?" అన్నారంటే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. "అందరికీ ఉన్నయ్యే, ధైర్యంగా ఉండు" అన్నా అంతే, అక్కడితో ఆగిపోతాడు. పూర్తిగా విన్నాక, ఎవరికి ఎంత, ఎప్పటికి కట్టాలని అడగండి. మనిషి మరీ దిగాలుగా ఉంటే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందనేది అపోహ. అలాంటి ఇంట్లో పురుగుమందు ఉంచకండి, వేరేచోట తాళం వేసి పెట్టించండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోతే 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. పగలూ రాత్రీ పలుకుద్ది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు.

"మాట్లాడితే ధర వస్తదా?" అంటారు. రాదు. ధర కోసం, బీమా కోసం, కౌలు రైతుకి బ్యాంకు అప్పు కోసం కొట్లాట వేరు, అది ఆగకూడదు. ఆ కొట్లాటకైనా మనిషి ఉండాలి కదా.

కల్లంలో కాయ కాస్త మెత్తబడితే పొద్దుటికల్లా తిరగేస్తాం, లోపల బూజు పడుద్దని. మనసులో దిగులుని మాత్రం ఏళ్లకేళ్లు మూట కట్టి ఉంచుతున్నాం. ఈ వారంలో ఒక్కరి దగ్గర కూర్చుని లెక్క మొత్తం చెప్పండి, దాంతోపాటు దిగులూ చెప్పండి.