బొమ్మకు ముసుగు కంబళి

పిల్లలూ! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు గొర్రెలకాపరి భుజాన నల్లకంబళి చూశారా? కురుబలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే కంబళి అది. వాన వస్తే కాపరి దాన్ని రెండుగా మడిచి, మడత మూలను నెత్తిన పెట్టుకుంటాడు. అంతే, ముసుగు తయారు! రాత్రి చేలో మందకు కాపలా పడుకునే అతనికి అదే ఇల్లు.

మన బొమ్మ చేత్తో పట్టుకోలేదు కదా, కంబళి జారిపోతుంది. అందుకని రెండు కుట్లు వేద్దాం.

8 అంగుళాల బొమ్మకు 8 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు గల పాత ఉన్నిగుడ్డ చాలు. కొత్త కంబళికి కత్తెర పెట్టారో, అమ్మ ఊరుకోదు! గుడ్డను నిలువుగా మడిస్తే వెడల్పు 4 అంగుళాలవుతుంది. పై అంచులు రెండూ కలిపి కుట్టి, లోపలివైపు బయటికి తిప్పండి. ఇప్పుడు మడత విప్పి, పైనుంచి 3 అంగుళాల కింద, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దూరం దూరంగా కుట్టు వేయండి. దారం కొసలు ముందుకు వదలండి. బొమ్మకు తొడిగి, దారం లాగి, మెడ దగ్గర ముడి వేయండి.

ఇక బొమ్మకు వెచ్చగా ఉంటుందా? ఉండదు! ఉన్ని వేడిని పుట్టించదు. దాని వంకర పోగుల్లో చిక్కిన గాలి, ఉన్న వేడిని తొందరగా పోనివ్వదు. బొమ్మకు ఒంటివేడి ఏదీ?

సమానమైన రెండు ఐసుముక్కల్లో ఒకదానికి ఉన్ని చుట్టి చూడండి. చుట్టినదే ఆలస్యంగా కరుగుతుంది. బయటి వేడినీ ఆ గాలే ఆపుతుంది మరి!