బడి కబురు ఇంటికి చేరేదెలా?

"పంతులుగారు రమ్మన్నారు" అని పిల్లవాడు చెప్పగానే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? "ఏం చేశావురా?" అనే గదా! ఫీజు బాకీ పడినప్పుడో, ఎవరి తలో పగిలినప్పుడో తప్ప బడి నుండి కబురు రాదని మనకు అలవాటైపోయింది. మీ బిడ్డ ఈ రోజు పద్యం తడబడకుండా అప్పజెప్పాడని ఇంటికి కబురంపే బడులు ఎన్ని? ప్రియ పాఠకులారా, ఈ నెల ఈ సంగతే మీతో మాట్లాడాలనుకొంటున్నాము.

చాదర్‌ఘాట్ మీలో చాలామందికి తెలిసిన చోటే. నల్గొండ వైపు నుండి పట్నం వెళ్ళేవారు మలక్‌పేట దాటి మూసీ వంతెన ఎక్కేది అక్కడే. ఆ పాత వంతెనను 1831లో కర్నల్ ఆలిఫెంట్ కట్టించాడు. 1908 మూసీ వరదకు దెబ్బతిన్న వంతెనల్లో అదొకటి. ఆ పక్కనే నది ఒడ్డున మూసానగర్, కమల్‌నగర్, శంకర్‌నగర్ బస్తీలు. మన పల్లెల నుండి పనికోసం పోయినవారు ఇటువంటి చోట్లనే తల దాచుకొంటారు. అక్కడ ఒక తల్లిని పలకరించి, పాప ఎలా చదువుతోందమ్మా అని అడిగాము. "మాకేం తెలుస్తది అయ్యగారూ? సంచి ఏసుకొని పోతది, వస్తది. డైరీల సంతకం పెట్టుమంటే పెడ్త" అన్నది. ఆ డైరీ చూపించమన్నాము. టీచరు ఇంగ్లీషులో ఎర్ర సిరాతో రెండు పంక్తులు వ్రాసింది. పాపకు అక్షరాలు కలిపి చదవడం రావడం లేదు, ఒకసారి వచ్చి కలవండి అని. అమ్మకు దానిని చదివి వినిపించినది ఎవరంటే పాపే. "రేపు సెలవు అని రాసిన్రమ్మా" అని చెప్పిందట! నవ్వు వచ్చే మాటే గాని, నెల రోజుల పాటు ఆ బిడ్డ వెనుకబడిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. టీచరేమో, కబురంపినా తల్లి రాలేదు, వీళ్ళకు పట్టింపు లేదు అనుకొన్నది. ఇద్దరి మధ్య దూతగా ఉన్నది ఎవరిని గురించి కబురో ఆ ఎనిమిదేళ్ళ పిల్లే.

చదువురాని తల్లికి వ్రాసి పంపితే అది కబురు కాదు. ఆమెకు అర్థమయ్యే భాషలో నోటితో చెప్పాలి. ఇది టీచరు దయతలచి చేసే ఉపకారము కూడా కాదు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులు చెబుతుంది. తల్లిదండ్రులతో తరచుగా సమావేశమై, బిడ్డ హాజరు, నేర్చుకొనే శక్తి, ఎంతవరకు వచ్చింది అన్నవి వారికి తెలియజేయడం వాటిలో ఒకటి. అదే చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు. గ్రామంలో ఆ కమిటీలో పేరుండి కూడా ఆ సంగతి తెలియనివారిని మేము చూచాము.

పూర్వము మన పెద్దలు పిల్లవాణ్ణి బడిలో వేస్తూ "కళ్ళు రెండూ వదిలేసి తక్కినదంతా మీదే" అని అయ్యవారికి అప్పగించి వచ్చేవారు. ఆ మాటలో నమ్మకము ఉన్నది, నిజమే. కాని ఇక మాకేమీ చెప్పనక్కరలేదు అన్న ఒప్పందం కూడా అందులో ఉన్నది. పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని ఆ చట్టం 17వ సెక్షను నిషేధించింది. దెబ్బల సంగతి అట్లుంచండి. అప్పగించి వచ్చి చేతులు దులుపుకొనే అలవాటు మాత్రం మనలో ఇంకా పోలేదు.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. 2025 జూలై 10న మరల జరిగాయి. మంచి పని. అయితే ముగ్గులు, పోటీలు, ఉపన్యాసాలు, భోజనము ఇన్నింటి మధ్య ఒక తల్లి తన బిడ్డ గురించి టీచరుతో కూర్చొని మాట్లాడడానికి ఐదు నిమిషాలైనా దొరకాలి గదా! తెలంగాణలో నెలకొక శనివారం సమావేశం పెట్టాలని విద్యాశాఖ చెప్పింది. కూలికి పోయే తల్లికి శనివారమూ పనిదినమే. బడికి వస్తే ఆ పూట కూలి పోతుంది. రాలేదంటే పట్టింపు లేదని ఎంచకూడదు. సాయంకాలం బడి విడిచే వేళ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి, వచ్చిన ప్రతి తల్లితోనూ ఒక మాట చెప్పి పంపే టీచరమ్మను ఒక ఊరిలో ఎరుగుదుము. ఒక రోజు నలుగురితో, మరునాడు మరి నలుగురితో. నెల తిరిగేసరికి తరగతి అంతా పూర్తవుతుంది. ఆమె మొదట చెప్పేది బిడ్డలోని మంచి సంగతి. తప్పు ఏదైనా ఉంటే తరువాత, అదీ పక్కవారు వినకుండా.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూతబడినప్పటి నుండి అవి మరీ పెరిగాయి. ఫోను తండ్రి జేబులో ఉంటుంది. ఆయన పొద్దున పోయి రాత్రి వస్తాడు. హోంవర్కు చేయించవలసిన తల్లికి ఆ కబురు చేరేది పిల్లలు నిద్రపోయాక. ఇంతకంటె బాధ కలిగించేది మరొకటి. ఫలానా బాబు లెక్కలు చేయలేదు, ఫలానా వారు ఫీజు కట్టలేదు అని నలభై ఇండ్లు చూచే చోట పెట్టడము. అది కబురు కాదు, దండోరా. ఒక్కరి సంగతి ఒక్కరికే పంపాలి. చదవలేని వారికి టీచరు గొంతుతోనే తెలుగులో అర నిమిషం చెప్పి పంపవచ్చు.

టీచర్ల కష్టం కూడా ఎరిగి మాట్లాడాలి. మన పల్లెల్లో ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూచే బడులు ఉన్నాయి. పై నుండి వచ్చే కాగితాలు నింపడానికే వారికి పొద్దు చాలదు. అటువంటి చోట కబురు కోసం ఎదురుచూడక తల్లిదండ్రులే వెళ్ళి అడగాలి. "మావాడు పాసవుతాడా?" అని కాదు. పై తరగతికి వెళ్ళినంత మాత్రాన చదవడం వచ్చిందని అర్థం కాదు. ప్రథమ్ సంస్థవారు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లలచేత చదివించి చూస్తారు. మొదట అక్షరాలు, తరువాత మాటలు, తరువాత ఒకటో తరగతి స్థాయి పేరా, చివర రెండో తరగతి స్థాయి కథ. 2024లో దేశం మొత్తం మీద గ్రామాల్లో మూడో తరగతి పిల్లలు నూటికి సుమారు 27 మందే ఆ కథ చదవగలిగారు. మీరు అడగవలసినది ఇదే: మా బిడ్డ అక్షరాల దగ్గర ఆగిందా, మాటల దగ్గరా, పేరా దగ్గరా? ఎవరితో కూర్చొంటుంది? తెలియనప్పుడు చెయ్యెత్తి అడుగుతుందా, మౌనంగా ఉంటుందా? వీటికి జవాబు చెప్పడానికి టీచరుకు రికార్డులు తీయనక్కరలేదు.

ఈ మాట మన సండే స్కూలుకూ వర్తిస్తుంది. పిల్లవాడు అక్కడ ఏమి నేర్చుకొన్నాడో క్రిస్మస్ కార్యక్రమం నాడు తప్ప ఇంట్లోవారికి తెలియదు.

తిరిగి చాదర్‌ఘాట్ సంగతికి వస్తాము. 2024 అక్టోబరులో మూసీ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్‌లలో కొన్ని ఇండ్లు ఖాళీ చేయించి కూల్చారు. కొన్ని కుటుంబాలు మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లకు చేరాయి. నడి సంవత్సరంలో ఇల్లు మారడం పిల్లలకు ఎంత కష్టమో సుగ్గికి, ఇటుక బట్టీలకు వలసపోయే మన పల్లెవారికి వేరే చెప్పాలా? కొత్త బడిలో ఆ బిడ్డ సంగతి ఎవరికీ తెలియదు. మాట్లాడదు గనుక మొద్దు అనుకొని వెనుక బెంచీలో కూర్చోబెడతారు. ప్రభుత్వ బడి నుండి మరొక ప్రభుత్వ బడికి మారేటప్పుడు అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలని, టీసీ ఆలస్యమైందని కొత్త బడివారు చేర్చుకోకుండా ఆపరాదని అదే చట్టం 5వ సెక్షనులో ఉన్నది. కాని టీసీలో పుట్టిన తేదీ, తరగతి ఉంటాయే గాని, ఈ పాపకు బల్ల మీద అక్షరాలు సరిగా కనబడవు, ముందు కూర్చోబెట్టండి అని ఉండదు. కాబట్టి ఊరు మారేవారు పాత టీచరుచేత ఒక తెల్ల కాగితం మీద తెలుగులో నాలుగు పంక్తులు వ్రాయించుకొని, ఆమె ఫోను నంబరు కూడా అడిగి తీసికొని వెళ్ళండి. కొత్త బడిలో చేర్చిన మొదటి రోజే ఆ కాగితం కొత్త టీచరు చేతికివ్వండి. పిల్ల సంచిలో పెట్టి మాత్రం పంపకండి.